ఐపీ అయిపోయింది, సిబిల్ మిగిలింది

వ్యాపారం మునిగి కోర్టుకెక్కినవాళ్లు, కార్డు బాకీని సగానికి తెంపుకున్నవాళ్లు కొన్నేళ్లకు మళ్లీ బ్యాంకు మెట్లెక్కితే ఏం జరుగుతుంది?

జిల్లా పేజీలో ఆ వార్తకు ఒక మూస ఉంది. ‘కోట్లలో ఐపీ పెట్టిన వ్యాపారి... లబోదిబోమంటున్న బాధితులు’ అని శీర్షిక. పక్కన దించేసిన షట్టరు, దాని ముందు గుమిగూడిన జనం. మర్నాడు పోలీస్ స్టేషన్ దగ్గర ఆందోళన. మూడోనాటికి ఆ వార్త ఉండదు. ఆ మనిషి ఏడెనిమిదేళ్ల తర్వాత ఏ ఊళ్లో ఏం చేసుకుని బతుకుతున్నాడు, కూతురి చదువుకు లోను అడిగితే బ్యాంకులో ఏమన్నారు అన్నది ఎవరూ రాయరు.

ఐపీ పెట్టినవాళ్లంతా మోసగాళ్లు కారు, అంతా అమాయకులూ కారు. సరుకెత్తుకున్న పార్టీ డబ్బివ్వక మునిగినవాళ్లున్నారు. కరోనాలో రెండు సీజన్లు పోయి చితికినవాళ్లున్నారు. ముందే ఆస్తులు భార్య పేరున మార్చేసి, తాపీగా కోర్టుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ఎలా మునిగినా ఒక ఇబ్బంది మాత్రం అందరికీ ఉంది. మునగడానికి మన దగ్గర ఒక పద్ధతి ఉంది గానీ, తేలినట్టు లెక్క ఎప్పుడన్నది ఎవరూ చెప్పరు. ఆ తేలిన కాగితాన్ని ఎవరికి వాళ్లే వెతికి తెచ్చుకోవాలి.

షెడ్యూల్లో ఎవరుంటారు?

ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. దాని వెనుక ఉన్నది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. అప్పులు రూ.500 ఉంటే చాలు, తీర్చలేనని కోర్టుకు చెప్పుకోవచ్చని అందులో ఉంది. బాకీపడ్డ మనిషి తన అప్పుల జాబితా, ఆస్తుల జాబితా షెడ్యూళ్లుగా రాసి పిటిషన్ వేస్తాడు. అప్పులవాళ్లందరికీ నోటీసులు వెళ్తాయి. కోర్టు ఒప్పుకుంటే అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తుంది. ఆస్తి రిసీవర్ చేతికి పోతుంది, అమ్మగా వచ్చినదాన్ని అప్పులవాళ్లకు దామాషాలో పంచుతారు. డిక్రీ చేతబట్టుకుని అమలు పిటిషన్ (ఈపీ) వేసి, అరెస్టు వారంటు తెస్తామనేవాళ్ల నుంచి కోర్టు రక్షణ ఇవ్వొచ్చు. చాలామంది ఐపీ పెట్టేది ఈ చివరి మాట కోసమే.

ఆ షెడ్యూల్లో ఎవరుంటారో చూస్తే ఐపీ అంటే జనానికి అంత మంట ఎందుకో తెలుస్తుంది. బావమరిది ఉంటాడు, రిటైరైన మాస్టారుంటారు, రెండు రూపాయల వడ్డీకని ప్రోనోటు మీద మూడు లక్షలిచ్చిన పక్కింటి టీచరమ్మ ఉంటుంది. ఇల్లు తాకట్టు పెట్టుకున్న బ్యాంకుకు ఈ వరుసలో నిలబడే అవసరం లేదు. తాకట్టు ఆస్తి మీద దాని హక్కు దానిదే. 2002 సర్ఫేసీ చట్టం కింద గోడకు నోటీసు అంటించి ఇల్లు వేలం వేసుకుంటుంది. మిగిలినదేమైనా ఉంటే టీచరమ్మకూ మాస్టారికీ రూపాయికి ఇన్ని పైసలని వస్తుంది. ఐపీకి ముందు రెండేళ్లలో ఉత్తుత్తిగా రాసిచ్చిన ఆస్తులను కోర్టు వెనక్కి తేగలదు, చట్టంలో ఆ వీలుంది. కానీ అందుకు ఎవరో ఒకరు పట్టుబట్టి తిరగాలి. మూడు లక్షలు పోయినావిడ ఇంకో ముప్పై వేలు ఖర్చుపెట్టి తిరుగుతుందా?

ఇక చాలామంది పట్టించుకోనిది డిశ్చార్జి. దివాలాదారుగా ప్రకటించినంత మాత్రాన కథ ముగియదు. డిశ్చార్జికి ఇంత గడువులోగా దరఖాస్తు చేసుకోవాలని ఆ ఉత్తర్వులోనే ఉంటుంది. గడువులోగా అడగకపోతే ప్రకటనే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ తలుపు తట్టొచ్చు. అడిగి తెచ్చుకున్నవాడు పాత బాకీల నుంచి బయటపడతాడు. ప్రభుత్వానికి కట్టాల్సినవి, మోసంతో చేసిన అప్పులు మాత్రం వదలవు. డిశ్చార్జి రానంతకాలం ఎంపీగా, ఎమ్మెల్యేగా నిలబడే అర్హత కూడా ఉండదు, అది రాజ్యాంగంలోనే ఉంది. ఇంకో సంగతి, డిశ్చార్జి వచ్చినా హామీ సంతకం పెట్టినవాడికి విముక్తి లేదు. స్నేహితుడు కోర్టు గుమ్మం దిగి ఇంటికెళ్తే, ష్యూరిటీ ఉన్నవాడు ఇంకా అప్పులోనే ఉంటాడు.

అడ్వకేటుకు ఫీజిచ్చి ఐపీ వేయించినవాళ్లను డిశ్చార్జి ఆర్డరు కాపీ ఉందా అని అడిగి చూడండి. ‘కేసు ఎప్పుడో అయిపోయిందండీ’ అంటారు. అయిపోయిందని చూపించే కాగితం ఏదీ అంటే మాట రాదు.

కోర్టుకు తెలిసింది సిబిల్‌కు తెలియదు

సిబిల్ కోర్టూ కాదు, ప్రభుత్వ శాఖా కాదు. 2000లో మొదలైన కంపెనీ, ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్. ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్ అని ఇలాంటి క్రెడిట్ బ్యూరోలే ఇంకో మూడున్నాయి. 2005 నాటి చట్టం కింద, రిజర్వు బ్యాంకు అదుపులో నడుస్తాయి. ఈ నాలుగింటి దగ్గరుండేది అప్పిచ్చిన సంస్థలు పంపే లెక్క. కోర్టులో వచ్చిన ఐపీ ఉత్తర్వు తనంతట తాను అక్కడికి వెళ్లదు. టీచరమ్మ ప్రోనోటు అక్కడ కనపడదు.

దీనివల్ల విచిత్రమైన పరిస్థితి వస్తుంది. బయటి అప్పులు కోట్లలో ఉండి, కోర్టులో తేలిపోయిన మనిషికి సిబిల్‌లో ఆ కోట్లు ఉండవు. అప్పట్లో కట్టలేక వదిలేసిన అరవై వేల క్రెడిట్ కార్డు ఉంటుంది. కొత్త బ్యాంకు ఆపేది ఆ అరవై వేల దగ్గరే.

సిబిల్ నివేదికలో ఆ ఖాతా పేజీ ఎలా ఉంటుందో చూద్దాం. పైన బ్యాంకు పేరు, లోను రకం, మీరు సొంతంగా తీసుకున్నారా, జాయింటా, గ్యారంటరా అన్నది. కింద నెలలు గడులుగా ఉంటాయి, మూడేళ్ల దాకా. ప్రతి గడిలో మూడంకెలు: 000 అంటే సమయానికి కట్టారు, 030 అంటే ముప్పై రోజులు ఆలస్యం. ఆలస్యం 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ కిందికి పోతుంది. కష్టాల్లో పడిన కుటుంబం కథంతా ఆ గడుల్లో వరసగా చదువుకోవచ్చు. ఏడాది పాటు సున్నాలు, తర్వాత ఒక 028, మళ్లీ సున్నా, తర్వాత 031, 060, 091, ఇక వెనక్కి రాని అంకెలు. వాటి పైనో కిందనో ‘రిటన్ ఆఫ్’ అనో, ‘సెటిల్డ్’ అనో, ‘సూట్ ఫైల్డ్’ అనో ఒక మాట, పక్కన ఎంత మొత్తమన్నది.

మన దగ్గర అందరి కళ్లూ స్కోరు మీదే. 300 నుంచి 900 మధ్యలో ఎంత, 750 దాటిందా లేదా అని పెళ్లిచూపుల్లో కూడా అడిగే రోజులొచ్చాయి. లోను సీట్లో కూర్చున్నవాళ్లు స్కోరుతో ఆగరు, ఖాతా మీదున్న ఆ మాట దగ్గరికి వెళ్తారు. స్కోరు 640 ఉండి ఖాతాలన్నీ ‘క్లోజ్డ్’ అయినవాడికి ఏదో ఒక దారి దొరకొచ్చు. 720 ఉండి ఒక ‘రిటన్ ఆఫ్’ తగిలించుకున్నవాడికి ‘ముందు అది తేల్చుకుని రండి’ అన్న జవాబే వస్తుంది.

‘రిటన్ ఆఫ్’ అంటే బ్యాంకు వదిలేసిందని మురిసిపోయేవాళ్లున్నారు. బ్యాంకు తన పుస్తకాల్లో సర్దుకుంది, అంతే. బాకీ బాకీలాగే ఉంటుంది. దావా వేసే గడువు మామూలుగా మూడేళ్లు. అది దాటినా నివేదికలోని మాట చెరిగిపోదు.

‘ఈరోజే క్లోజ్ చేసేద్దాం సార్’

రికవరీ ఏజెంటు ఫోను మార్చి నెలాఖర్లో మరీ తియ్యగా ఉంటుంది. ‘సార్, లక్షా ఎనభై ఉంది మీది. డెబ్భై కట్టండి, ఈరోజే క్లోజ్ చేసేద్దాం. లోక్ అదాలత్‌లో పెట్టించేస్తా’ అంటాడు. ఏడాదిగా ఆ నంబరు చూస్తేనే గుండె దడ పుట్టినవాడు పక్కింట్లో చేబదులు తెచ్చి మరీ కడతాడు. ఫోన్లు ఆగిపోతాయి. రెండేళ్ల తర్వాత బండి లోనుకెళ్తే తెలుస్తుంది, అక్కడ ఉన్నది ‘క్లోజ్డ్’ కాదు, ‘సెటిల్డ్’ అని. మిగిలిన లక్షా పదివేలు బ్యాంకు నష్టపోయిందన్న సంగతి ఆ మాటతో అందరికీ తెలిసిపోతుంది.

రాజీ పడినవాళ్లకు మళ్లీ అప్పివ్వడానికి బ్యాంకులు ఎంతకాలం ఆగాలన్న దాని మీద 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. వ్యవసాయేతర అప్పులకు కనీసం 12 నెలలు. అంతకన్నా ఎక్కువ పెట్టుకోవడం ఆ బ్యాంకు బోర్డు ఇష్టం. అంటే ఏడాది దాటగానే ఇచ్చి తీరాలని కాదు, ఏడాది లోపల ఇవ్వకూడదని.

సెటిల్‌మెంట్ చేసుకోవద్దని సలహా చెప్పడం తేలిక. పూర్తిగా కట్టడానికి చేతిలో డబ్బున్నవాళ్ల సలహా అది. ఆస్పత్రి బిల్లులో మునిగినవాడికి డెబ్భై వేలకు తెగడమే గొప్ప, ఎన్నేళ్లయినా ‘రిటన్ ఆఫ్’గా వేలాడేకన్నా అదే నయం. కాకపోతే కట్టే ముందు జాగ్రత్తలున్నాయి. బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాజీ పత్రం చేతికొచ్చాకే డబ్బు కదలాలి. అది లోను ఖాతాలో పడాలి, ఏజెంటు ఫోన్‌పేలో కాదు. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. తర్వాతెప్పుడైనా చెయ్యి తిరిగితే, వదిలేసిన మొత్తం కూడా కడతాను, ‘క్లోజ్డ్’గా మార్చండని బ్యాంకుకు రాయొచ్చు. బ్యాంకు ఒప్పుకుంటే కొత్త సమాచారం బ్యూరోలకు పంపుతుంది. బ్యాంకు ఆ బాకీని మొండిబాకీలు కొనే ఏఆర్‌సీకి అమ్మేసి ఉంటే మాత్రం పాత బ్రాంచి చుట్టూ తిరిగి లాభం లేదు, కొనుక్కున్న కంపెనీయే ఆ కాగితం ఇవ్వాలి. ఎవరు కొన్నారో నివేదికలో వెతికితే దొరకొచ్చు, లేదంటే బ్యాంకునే రాతపూర్వకంగా అడగాలి.

ఊళ్లకు ఊళ్లే బాకీ పడినప్పుడు

ఇదంతా ఒక్క మనిషి తప్పో ఖర్మో అనుకుంటాం గానీ, తెలుగు నేల మీద గ్రామాలకు గ్రామాలే ఈ లెక్కకెక్కిన సందర్భం ఉంది. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా అప్పట్లో పనిచేసిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ షేర్ మార్కెట్‌కు వెళ్లింది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వసూళ్లకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. గ్రూపుల్లో వారం వారం కట్టే ఆడవాళ్లు కట్టడం ఆపేశారు, వసూళ్లు కుప్పకూలాయి. కట్టక్కర్లేదన్న నాయకులు వేదిక మీది నుంచి చెప్పి వెళ్లిపోయారు, పేర్లు మాత్రం ఆ ఆడవాళ్లవే రికార్డుకెక్కాయి. 2011 జనవరిలో మాలెగాం కమిటీ నివేదిక వచ్చాక సూక్ష్మరుణ సంస్థలు కూడా క్రెడిట్ బ్యూరోలకు లెక్క చెప్పే ఏర్పాటు బిగుసుకుంది. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన బ్యాంకేతర ఆర్థిక సంస్థలకు (ఎన్‌బీఎఫ్‌సీలకు) ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తేల్చింది.

రుణమాఫీల్లోనూ ఇదే తంతు. ప్రభుత్వం కడుతుందని ఆగిన రైతు ఖాతా, ఆ డబ్బు వచ్చేదాకా ఓవర్‌డ్యూనే. మాఫీ విడతలుగా వస్తే ఆ ఆలస్యమూ విడతలుగా గడుల్లో పడుతుంది. మేనిఫెస్టోలో ఈ సంగతి ఎవరూ రాయరు.

బ్యాంకు తలుపు మూసుకుంటే మనిషి అప్పు చెయ్యడం మానడు, వేరే తలుపు తడతాడు. ఐదు రూపాయల వడ్డీ అంటే లక్షకు నెలకు ఐదు వేలు, ఏడాదికి అరవై శాతం. 2015 డిసెంబరులో విజయవాడలో అధిక వడ్డీల కాల్‌మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు ఆ తలుపు వెనకాల ఏముందో రాష్ట్రమంతా చూసింది. పాత మచ్చకు మనిషి కడుతున్న అసలు ధర స్కోరులో తగ్గిన అంకెలు కాదు, బ్యాంకు పన్నెండు శాతానికీ బయటి అరవై శాతానికీ మధ్య ఉన్న తేడా.

పిల్లల చదువుల దగ్గర ఈ మచ్చ మరీ పొడుస్తుంది. అబ్బాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటొస్తుంది, కో-అప్లికెంటుగా తండ్రి సంతకం కావాలి, తండ్రి పాత ఖాతా అడ్డం పడుతుంది. విద్యార్థి సిబిల్ స్కోరు తక్కువని విద్యారుణం నిరాకరించకూడదని 2023లో కేరళ హైకోర్టు చెప్పింది. అది పిల్లాడి స్కోరు మాట. తండ్రి సంగతి వేరే, అక్కడ తల్లిదో మేనమామదో సంతకంతో నడిపించుకోవాల్సి వస్తోంది. ఉద్యోగాల దగ్గర కూడా ఇది తప్పడం లేదు. క్రెడిట్ చరిత్ర బాగోలేదని ఒక అభ్యర్థి నియామకాన్ని స్టేట్ బ్యాంక్ రద్దు చేస్తే, 2025లో మద్రాసు హైకోర్టు బ్యాంకునే సమర్థించింది.

చెరిపేవాళ్లు, చెరగనివి

బస్టాపు గోడల మీద ‘సిబిల్ రిపేర్ చేయబడును’ అని స్టిక్కర్లు చూస్తుంటాం. నివేదికలో తప్పుంటే సరిచేయించుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. ఒప్పుంటే ఎంత ఇచ్చినా ఎవరూ చెరపలేరు. అప్పిచ్చిన సంస్థ చెప్పనిదే బ్యూరో ఒక్క అక్షరం మార్చదు. మధ్యలో ఆ స్టిక్కరు వేసినవాడు చేసేదల్లా మీ పాన్, మీ ఓటీపీ తీసుకుని మీరు చెయ్యగలిగిన ఫిర్యాదునే మీ పేరున చెయ్యడం.

తప్పులు మాత్రం తక్కువేం ఉండవు. ఇంటిపేరు, పేరు కలిసి ఇంకొకరి లోను మీ ఖాతాలో పడుతుంది. కట్టేసిన కార్డు ఇంకా బాకీగా కనిపిస్తుంది. నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఈ ఏర్పాటుంది. నాలుగూ తీసి చూడాలి, ఒకదాంట్లో లేని తప్పు ఇంకోదాంట్లో దొరుకుతుంది. ఫిర్యాదు చేశాక 30 రోజుల్లో తేల్చాలి. అందులో బ్యాంకుకు 21 రోజులు. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున మీకు పరిహారం, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, బ్యూరోల మీద కూడా అక్కడ ఫిర్యాదు చెయ్యొచ్చు. సాయానికి 14448 నంబరు.

నిజంగా పడిన మచ్చ పోవడానికి కాలం పడుతుంది, కొత్త గడులు పాత గడుల మీద పేరుకోవాలి. బ్యాంకులో చిన్న ఎఫ్‌డీ వేసి దాని మీద క్రెడిట్ కార్డు తీసుకోవచ్చు, పాత చరిత్రను అంతగా పట్టించుకోకుండా ఇస్తారు. లిమిటులో మూడో వంతు దాటకుండా వాడి, ప్రతి నెలా పూర్తిగా కట్టేస్తే చాలు. ఇంట్లో నాలుగు గాజులుంటే చిన్న బంగారం లోను కూడా లెక్కలోకొస్తుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి లెక్కలు పంపుతున్నాయి కాబట్టి, మంచైనా చెడైనా తొందరగానే ఎక్కుతుంది. వద్దన్న బ్యాంకు పక్కనే ఇంకో బ్యాంకుకు, ఆ పక్కనే ఇంకో యాప్‌కు దరఖాస్తు పెట్టుకుంటూ పోవడం మాత్రం చేటు. ఎంతమంది దగ్గర చెయ్యి చాచారో కూడా ఆ నివేదిక రాసిపెడుతుంది.

అమెరికాలో దివాలా తీసినవాడికి కనీసం తేదీ తెలుసు. 1970 నాటి అక్కడి చట్టం ప్రకారం చాప్టర్ 7 దివాలా పదేళ్లు దాటితే నివేదికలో కనపడకూడదు. అక్కడున్న మన తెలుగువాళ్లలో ఇల్లూ ఉద్యోగమూ పోయి ఆ దారి పట్టినవాళ్లు క్యాలెండర్ చూసుకుంటూ బతకగలరు. ఇక్కడ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు దాచాలన్న నిబంధన ఉంది, దీనికి మించి చూపించకూడదన్న తేదీ అందులో లేదు. 2016 దివాలా చట్టంలో మామూలు మనుషుల కోసం ‘ఫ్రెష్ స్టార్ట్’ అని ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం రూ.60 వేలు, ఆస్తి రూ.20 వేలు, అప్పు రూ.35 వేలు దాటకూడదు, సొంతిల్లు ఉండకూడదు. అంతటి నిరుపేదకు ముప్పై అయిదు వేల అప్పు ఇచ్చే బ్యాంకు ఏదో ఆ అధ్యాయం రాసినవాళ్లే చెప్పాలి. ఎలాగూ అది అమల్లోకి రాలేదు. వ్యక్తుల భాగంలో 2019 డిసెంబరు 1 నుంచి అమలైంది కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్లకు సంబంధించింది మాత్రమే. మిల్లు ఓనరుకు 2016 చట్టం, కిరాణా కొట్టువాడికి 1920 చట్టం.

కాబట్టి కిరాణా కొట్టువాడు కాగితాలు తనే పోగేసుకోవాలి. మేనేజరు ముందు కూర్చుంటే ‘ఎంత కావాలి’ అన్న మాటకన్నా ముందు ‘ఈ 2018 ఖాతా సంగతేంటి’ అన్న మాట వస్తుంది. దానికి భాగవతమంతా చెప్పకుండా నాలుగు వాక్యాల ఉత్తరం ఇవ్వాలి: ఏం జరిగింది, ఎప్పుడు తేలింది, ఇప్పుడు ఆదాయమెంత, అప్పటి నుంచి ఏమేం సక్రమంగా కట్టారు. వెనక నో డ్యూస్ సర్టిఫికెట్, రెండేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, ఐపీ అయితే డిశ్చార్జి ఆర్డరు సర్టిఫైడ్ కాపీ. ఆ కాపీ కోసం కోర్టు కాపీయింగ్ సెక్షన్లో దరఖాస్తు పెట్టాలి, పెట్టాలంటే ఐపీ నంబరు, సంవత్సరం కావాలి. అడ్వకేటు ఆఫీసు మారి, పాత ఫైలు దొరక్కపోతే ఆ నంబరు అప్పట్లో నోటీసు అందుకున్న టీచరమ్మ దగ్గర ఉంటుంది. ఆవిడ దాన్ని పారేసి ఉండదు.